సెర్చ్ ఫీచర్ డాక్యుమెంటేషన్ దిద్దడం ఎలా: తెలుగు డేటాతో పరీక్షించి మరీ

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏదైనా తీసుకోండి, అందులో సెర్చ్ గురించి హెల్ప్ పేజీ తెరవండి, నాలుగు లైన్లుంటాయి అంతే. బాక్సులో మాట టైప్ చెయ్యండి, ఎంటర్ కొట్టండి, రిజల్ట్స్ వస్తాయి అని. రాకపోతే ఏటి చెయ్యాలి అన్నది ఎక్కడా ఉండదు. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే మనకేమో ఆ రాకపోవడమే రోజూ తగిలే సంగతి, ఎందుకంటే మన దగ్గర ఏ లిస్టు తీసినా కొంత తెలుగు, కొంత ఒడియా, మిగతాది ఇంగ్లీషు, ఒకే ఊరి పేరు నాలుగు రకాలుగా రాసుంటుంది, ఫోన్లో ఒకరు కొట్టింది కంప్యూటర్లో ఇంకొకరు వెతికితే దొరకదు.

ఇది దిద్దడానికి పెద్ద ప్రోగ్రామర్ అవ్వక్కర్లేదు. తెలుగు చదవడం, ఒక కమాండ్ కాపీ చేసి నడిపించడం, వచ్చింది వచ్చినట్టు రాయడం వస్తే చాలు. సెర్చ్ డాక్యుమెంటేషన్‌లో అన్నిటికన్నా ముందు కావాల్సింది ఏం దొరకదు, ఎందుకు దొరకదు అన్న ముక్క. దొరికేది జనం ఎలాగూ వాళ్ళే కనుక్కుంటారు.

ఉదాహరణకి ఇక్కడ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ మీద నడిచే చిన్న లైబ్రరీ కేటలాగ్ లాంటి సాఫ్ట్‌వేర్ అనుకుందాం, పుస్తకం పేరు, రచయిత, ఊరు, చిన్న వివరణ, ఇంతే కాలమ్స్. ఎస్‌క్యూలైట్ ఎందుకంటే చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేది అదే, మీ ఫోన్లో కూడా ఉంటుంది. దాని ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే పాఠం మొత్తంలో మాటలు వెతికే భాగం పేరు ఎఫ్‌టీఎస్5, 2015 అక్టోబర్‌లో వచ్చిన 3.9.0 వెర్షన్‌తో మొదలైంది. ఒకటి గుర్తుంచుకోండి, ఎస్‌క్యూలైట్ వాళ్ళు కోడ్ అందరికీ ఇస్తారు గానీ బయటివాళ్ళ దిద్దుబాట్లు మామూలుగా తీసుకోరు, ఆ సంగతి వాళ్ళే రాసిపెట్టారు. కాబట్టి మీరు దిద్దేది దాని మీద కట్టిన యాప్ డాక్యుమెంటేషన్ని. ఇంకోటి, కమాండ్లు నేనిక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు చదవకండి, నడిపించండి

అందరూ చేసేది ఏంటంటే పాత పేజీ తెరిచి, వాక్యాలు బాగులేవని అవి సర్దడం మొదలెడతారు. దాంతో పేజీ అందంగా అవుతుంది, తప్పు తప్పులాగే ఉంటుంది. ముందు సాఫ్ట్‌వేర్ మీ మెషీన్లో పెట్టండి. మన వైపు నెట్ సంగతి తెలిసిందే కదా, కొండల పక్కన సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో, అందుకని రిపోజిటరీ, అంటే ప్రాజెక్టు ఫైళ్ళున్న చోటు, దాని పాత మార్పుల హిస్టరీ మొత్తం దించకుండా గిట్ క్లోన్‌లో డెప్త్ 1 అని పెట్టి తాజా కాపీ ఒక్కటే దించుకోండి, చాలా తక్కువ డేటాతో అయిపోతుంది.

తర్వాత రెండు విషయాలు నోట్ చేసుకోండి. ఒకటి ఎస్‌క్యూలైట్ వెర్షన్, దానికి సెలెక్ట్ ఎస్‌క్యూలైట్ అండర్‌స్కోర్ వెర్షన్ అనే ఫంక్షన్ ఉంది. రెండు, ఎఫ్‌టీఎస్5 అందులో ఉందా లేదా, ప్రాగ్మా కంపైల్ అండర్‌స్కోర్ ఆప్షన్స్ కొడితే లిస్టులో కనిపిస్తుంది. ఈ రెండూ యాప్ లోపలి నుంచే అడగాలి, మీ టెర్మినల్లో ఉన్న ఎస్‌క్యూలైట్ వేరు, యాప్ తనతో మోసుకొచ్చేది వేరు కావచ్చు, పైథాన్ యాప్స్‌లో ఇది మరీ ఎక్కువ. డాక్యుమెంటేషన్‌లో ఏదో ఆప్షన్ పనిచేస్తుందని ఉండి మీ దగ్గర చెయ్యకపోతే ముందు అనుమానించాల్సింది ఈ వెర్షన్నే.

ఇప్పుడు టెస్ట్ డేటా. అసలు డేటాబేస్ ముట్టుకోకండి, కాపీ తీసుకుని దాంట్లో ఒక ఇరవై లైన్లు మీరే ఎక్కించండి. ఏవో పడితే అవి కాకుండా, సెర్చ్‌ని ఇబ్బంది పెట్టేవి ఏరుకోండి. పాలు, పులి, పిల్లి, పూలు ఒక్కోటి ఒక్కో లైన్లో. అప్పు లేదు అని ఒక లైన్. పుస్తకం, పుస్తకాలు, పుస్తకానికి. గుడి, గుళ్ళో. ఊరు, ఊళ్ళో. పర్లాకిమిడి, పర్లాఖిమిడి, పారలాఖెముండి అని మూడు రకాలుగా. కోరాపుట్-రాయగడ రైలు, మధ్యలో అడ్డగీతతో. గి.వెం. రామమూర్తి, చుక్కలతో. ఒడిశా వేరే రాష్ట్రం అయిన ఏడాది 1936 అని మామూలు అంకెల్లో ఒక లైన్, అదే తెలుగు అంకెల్లో ౧౯౩౬ అని ఇంకో లైన్. స్టేషన్‌లో అన్న మాట రెండు రకాలుగా, ఒకటి మధ్యలో కనిపించని విడదీసే అక్షరంతో, ఇంకోటి అది లేకుండా స్టేషన్లో అని. ఒడియా టైపింగ్ వచ్చినవాళ్ళు పక్కనుంటే రాయగడ పేరు ఒడియా లిపిలో కూడా వేయించండి, దాని పని తర్వాత ఉంది.

పాలు వెతికితే పులి వస్తుంది

ఇక్కడ కొంచెం నిదానంగా చూడండి, మొత్తం వ్యవహారంలో ముఖ్యమైంది ఇదే. ఎఫ్‌టీఎస్5 టేబుల్ ఏ ఆప్షనూ ఇవ్వకుండా మామూలుగా తయారు చేసి, పైన చెప్పిన లైన్లు ఎక్కించి, పాలు అని వెతకండి. పాలు వస్తుంది, దాంతో పాటు పులి, పిల్లి, పూలు కూడా వచ్చి కూర్చుంటాయి. ఇంకా విచిత్రం, అప్పు లేదు అన్న లైను కూడా వస్తుంది.

ఎందుకంటే ఎఫ్‌టీఎస్5లో ఏమీ చెప్పకపోతే వాడే టోకెనైజర్, అంటే పాఠాన్ని మాటలుగా తెంపే భాగం, యూనికోడ్61. అది అక్షరాలని, అంకెలని మాత్రమే మాటలో భాగం అనుకుంటుంది, మిగతా దేన్ని చూసినా మాట అక్కడ తెగిపోయిందనుకుంటుంది. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. తెలుగులో గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా, ఇవన్నీ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. అందుకని పాలు అనేది ప అని ఒక ముక్క, ల అని ఒక ముక్క అయిపోతుంది, దీర్ఘం కొమ్ము రెండూ గాలికి పోతాయి. పులి కూడా ప, ల. పూలు కూడా అంతే. పిల్లి అయితే ప, ల, ల. మీరు అడిగిన పాలు కూడా లోపల ప పక్కన ల ఉన్నది చూపించు అన్న ప్రశ్నగా మారిపోతుంది. అప్పు లేదు అన్నదాంట్లో అప్పు చివర ప ఒకటి, లేదు మొదట్లో ల ఒకటి, పక్కపక్కనే ఉన్నాయి, ఇంకేటి, వచ్చేసింది. పల్లె అన్న మాట మాత్రం రాదు చూడండి, అందులో ప, ల మధ్య గుర్తేమీ లేదు కాబట్టి రెండూ కలిసి పల అని ఒకే ముక్కగా ఉంటాయి.

ఇది ఊహ మీద రాయకండి, కళ్ళతో చూడొచ్చు. ఎఫ్‌టీఎస్5వొకాబ్ అని ఇంకో వర్చువల్ టేబుల్ ఉంది, మీ సెర్చ్ టేబుల్ పేరు, రో అనే మాట ఇచ్చి దాన్ని తయారు చేసి, టర్మ్ అనే కాలమ్ చదివితే ఇండెక్స్‌లో, అంటే వెతకడానికి ముందే తయారు చేసుకున్న మాటల జాబితాలో, ఏ ముక్కలున్నాయో మొత్తం పరుస్తుంది. మాటలకి బదులు ప, ల, త, గ అని ఒంటి అక్షరాలు వరసగా కనిపిస్తే మీ ప్రాజెక్టులో తెలుగు సెర్చ్ పనిచేస్తున్నట్టు నటిస్తోందన్నమాట. యాప్ ఒకవేళ దొరికిన మాటని రంగు వేసి చూపించేదైతే ఇంకా సులువుగా పట్టుకోవచ్చు, హైలైట్ పాల దగ్గరే ఆగిపోయి చివరి కొమ్ము బయట పడి ఉంటుంది.

దీనికి మందు కూడా ఆ టోకెనైజర్లోనే ఉంది. క్యాటగిరీస్ అనే ఆప్షన్ ఇచ్చి, యూనికోడ్ రకాల పేర్లలో మామూలుగా ఉండే ఎల్ స్టార్ (అక్షరాలు), ఎన్ స్టార్ (అంకెలు), సీఓలకి ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే మార్కుల రకాలు రెండూ కలపాలి. రెండూ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే చాలా చోట్ల సగం సలహా తిరుగుతుంటుంది, ఎమ్ఎన్ ఒక్కటే కలపండి అని. అది కలిపి పిల్లి వెతికితే చక్కగా వస్తుంది, చూసినవాళ్ళు అయిపోయింది అనుకుంటారు. తెలుగులో కొమ్ములు, సున్నా, విసర్గ ఎమ్‌సీ కిందికొస్తాయి, దీర్ఘం, గుడి, ఏత్వం, ఓత్వం, పొల్లు ఎమ్ఎన్ కిందికొస్తాయి. కాబట్టి ఎమ్ఎన్ ఒక్కటే ఉంటే పాలు ఇంకా పాల దగ్గరే తెగుతుంది. మీ ఉదాహరణలో కొమ్ము ఉన్న మాట ఒకటి, సున్నా ఉన్న మాట ఒకటి తప్పకుండా ఉండాలి, లేకపోతే రాసినవాడికీ తెలీదు చదివినవాడికీ తెలీదు. ఒడియాకీ ఈ రెండూ కావాలి.

మీరు కోడ్ మార్చేవాళ్ళు కాకపోయినా పర్లేదు, డాక్యుమెంటేషన్‌లో ఈ భాగాన్ని రెండు చోట్ల రాయాలి. వాడేవాళ్ళ పేజీలో, ఫలానా వెర్షన్ వరకు తెలుగు, ఒడియా, హిందీ మాటలు ముక్కలుగా ఇండెక్స్ అవుతాయి, అనుకోని రిజల్ట్స్ వస్తాయి అని సూటిగా ఒక లైన్. నడిపేవాళ్ళ పేజీలో, ఆప్షన్ ఎలా మార్చాలి, మార్చాక ఏం చెయ్యాలి అన్నది వివరంగా.

కనిపించని అక్షరం, కనిపించే గొడవ

మాటలు సరిగ్గా తెగడం మొదలయ్యాక రెండో రకం చిక్కులు బయటపడతాయి. తెలుగు టైపింగ్‌లో సాఫ్ట్‌వేర్, స్టేషన్‌లో లాంటి మాటల్లో పొల్లు కింద ఒత్తు పడకుండా ఉండటానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం, కొన్ని కీబోర్డులు అవే పెట్టేస్తాయి. ఇది కంటికి కనపడదు, ఇది అక్షరమూ కాదు మార్కూ కాదు, యూనికోడ్‌లో దీని కేటగిరీ వేరు. కాబట్టి పైన చెప్పిన మార్పు చేసినా ఇక్కడ మాట తెగుతుంది. సాఫ్ట్‌వేర్ అన్నది సాఫ్ట్ ఒకటి, వేర్ ఒకటి అవుతుంది. వెతికేవాళ్ళు ఆ అక్షరం లేకుండా సాఫ్ట్వేర్ అని కొడితే అది ఒకే మాట, దొరకదు.

తమాషా ఏంటంటే ఇదే అక్షరం ఇంకో చోట సాయం చేస్తుంది. స్టేషన్‌లో అని అది పెట్టి రాసుంటే స్టేషన్ అని వెతికినా దొరుకుతుంది, మాట అక్కడ తెగింది కాబట్టి. స్టేషన్లో అని కలిపి రాసుంటే స్టేషన్ అంటే దొరకదు. అందుకని డాక్యుమెంటేషన్‌లో ఇది మంచిది, అది చెడ్డది అని తీర్పులు రాయకుండా, ఈ సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాన్ని ఇండెక్స్ చేసే ముందు తీసేస్తుందా లేదా అన్నది కోడ్ చూసో నడిపించి చూసో తేల్చి రాయండి. తీసేస్తే రెండు వైపులా, అంటే డేటాలోనూ వెతికే మాటలోనూ తియ్యాలి, ఒక వైపే తీస్తే ఉన్నదీ పోతుంది.

ఒడియా రాయగడ దగ్గర ఇలాంటిదే. ఆ పేరులో డ కింద చుక్క ఉంటుంది కదా, దాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, చుక్కతో కలిసిన ఒకే అక్షరంగా, లేదా డ తర్వాత విడిగా చుక్కగా. కంటికి రెండూ ఒకటే. ఎఫ్‌టీఎస్5 వాటిని కలపదు, రెండు వేరు మాటలు అనుకుంటుంది. ఇక తెలుగులో రాయగడ అని వెతికితే ఒడియా లిపిలో ఉన్న రాయగడ రాదు, అంకెలు కూడా అంతే, 1936 అడిగితే ౧౯౩౬ రాదు. ఇవి మనకి తెలిసినవే అనిపిస్తుంది గానీ సెర్చ్ అంటే గూగుల్ ఒక్కటే చూసిన మనిషికి ఇది తెలియదు, రాయండి.

వాడేవాళ్ళ పేజీ

ఇప్పుడు రాయడానికి కూర్చోవచ్చు. పాత పేజీని పక్కన పెట్టుకుని, అందులో ప్రతి వాక్యానికి మీరు నడిపించి చూసింది ఎదురుగా రాసుకోండి, నిజమైనవి ఉంచండి, అబద్ధమైనవి కొట్టెయ్యండి, మీకు తేలనివి ప్రాజెక్టు చూసుకునే మెయింటైనర్‌ని అడగడానికి వేరే పెట్టండి. ఆ తర్వాత పేజీ వరస మార్చండి.

భాష మాట్లాడినట్టే ఉండనివ్వండి. గిడుగు వెంకట రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కన కూర్చుని కూడా హెల్ప్ పేజీలో అన్వేషణ ఫలితములు ప్రదర్శింపబడును అని రాస్తే ఇంకేం చెప్తాం.

రెండు మాటలు కలిపి కొడితే ఏమవుతుందో మొదట్లోనే పెట్టండి. ఎఫ్‌టీఎస్5లో మాటల మధ్య ఖాళీ ఉంటే రెండూ ఉన్నవే వస్తాయి, అంటే మాటలు పెంచేకొద్దీ రిజల్ట్స్ తగ్గుతాయి. జనం దీనికి తిరగేసి అనుకుంటారు, దొరకలేదు కదా అని ఇంకో రెండు మాటలు చేరుస్తారు, అప్పుడు అసలే రావు. ఏదో ఒకటి ఉన్నా చాలంటే మధ్యలో ఆర్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి, లేదా అని తెలుగులో రాస్తే అది కూడా వెతకాల్సిన ఇంకో మాట అయిపోతుంది.

విభక్తుల సంగతి రాయకుండా తెలుగు సెర్చ్ పేజీ పూర్తి కాదు. ఎఫ్‌టీఎస్5తో వచ్చే పోర్టర్ స్టెమర్ (మాట చివర్లు తీసి మూలం పట్టుకునేది) ఇంగ్లీషుకే, తెలుగు మాటల చివర్లు అది తియ్యదు. కాబట్టి పుస్తకం అని వెతికితే పుస్తకాలు, పుస్తకానికి రావు. దీనికి స్టార్ గుర్తు ఉంది, పుస్తక అని రాసి వెనకాల స్టార్ పెడితే మూడూ వస్తాయి. ఇక్కడ ఆగిపోతే సగమే చెప్పినట్టు. గుడి వెనకాల స్టార్ పెట్టినా గుళ్ళో రాదు, ఊరు వెనకాల పెట్టినా ఊళ్ళో రాదు, ఇల్లు వెనకాల పెడితే ఇంట్లో రాదు, మొదలే మారిపోతోంది కదా. ఇలాంటివాటికి గుడి ఆర్ గుళ్ళో అని రెండూ రాయించడం తప్ప దారి లేదని చెప్పేయండి. ఊరి పేర్లకి కూడా అదే, పర్లాకిమిడి మూడు స్పెల్లింగులు ఆర్‌తో కలిపి ఉన్న ఒక తయారు ఉదాహరణ పేజీలో పెట్టండి, చదివేవాళ్ళు కాపీ చేసి తమ ఊరి పేరు పెట్టుకుంటారు. పర్లా వెనకాల స్టార్ పెడితే మొదటి రెండూ వస్తాయి, పారలాఖెముండి రాదు, అది కూడా ఒక ముక్క రాయండి.

స్టార్ గురించి రాసే ముందు ఒక్క పరీక్ష చెయ్యండి. చాలా యాప్స్ మనం కొట్టిన మాటని లోపల డబుల్ కోట్స్‌లో చుట్టి ఎఫ్‌టీఎస్5కి ఇస్తాయి, ఎర్రర్లు రాకుండా. అలా చుడితే స్టార్ కోట్స్ లోపల పడిపోయి దాని పని అది చెయ్యదు, స్టార్ కోట్స్ బయట ఉంటేనే లెక్క. ఆర్ కూడా అంతే, కోట్స్ లోపల పడితే అది మామూలు మాటే. మీ యాప్‌లో ఇవి పనిచెయ్యకపోతే పేజీలో వాటిని పొగిడి లాభం లేదు.

ఎర్రర్లు. అలా చుట్టని యాప్స్‌లో కోరాపుట్-రాయగడ అని కొడితే రాయగడ అనే కాలమ్ లేదు అని ఇంగ్లీషులో ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఎఫ్‌టీఎస్5 భాషలో అడ్డగీతకి ఈ కాలమ్ వద్దు అన్న అర్థం ఉంది. గి.వెం. అని చుక్కలతో కొడితే చుక్క దగ్గర సింటాక్స్ ఎర్రర్. మన పేర్లలో ఇంటిపేరు చుక్కలు లేని పేరు ఎక్కడుంది చెప్పండి. రెండిటికీ మందు ఒకటే, మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టడం. ఎర్రర్ మెసేజ్ తెర మీద ఎలా వస్తుందో అక్షరం పొల్లుపోకుండా పేజీలో పెట్టండి, ఎందుకంటే మనిషి ఆ మెసేజ్ కాపీ చేసి నెట్‌లో వెతుకుతాడు, అప్పుడు మీ పేజీ దొరకాలి.

ఉదాహరణలు ఎలా పెట్టాలంటే, కొట్టిన మాట, వచ్చినవి, రానివి, ఈ మూడూ కలిపి. రానివి అన్న లైన్ లేని ఉదాహరణ ఒక్కటీ ఉంచకండి.

నడిపేవాళ్ళ పేజీ

ఇది తక్కువ మంది చదువుతారు గానీ ఇక్కడ తప్పు రాస్తే డేటాకే ముప్పు. టోకెనైజర్ మార్చాలంటే ఉన్న టేబుల్ మీద మార్చడం కుదరదు, సెర్చ్ టేబుల్ తీసేసి కొత్త ఆప్షన్‌తో మళ్ళీ తయారు చెయ్యాలి. ఇక్కడ రెండు రకాలున్నాయి. కొన్ని యాప్స్‌లో అసలు డేటా వేరే మామూలు టేబుల్లో ఉంటుంది, సెర్చ్ టేబుల్ దాని ఇండెక్స్ మాత్రమే, దీన్ని ఎక్స్‌టర్నల్ కంటెంట్ అంటారు. అప్పుడు తీసేసి మళ్ళీ చేసి రీబిల్డ్ కమాండ్ ఇస్తే అయిపోతుంది. రెండో రకంలో డేటా సెర్చ్ టేబుల్లోనే ఉంటుంది, అది తీసేస్తే డేటా కూడా పోయినట్టే, ముందు వేరే టేబుల్లోకి కాపీ చెయ్యాలి. పేజీలో ఈ యాప్ ఏ రకమో మొదటి లైన్లోనే రాయండి, బ్యాకప్ తీసుకోమన్న మాట కమాండ్ కంటే పైన రాయండి, కింద రాస్తే ఎవడూ అంతవరకు వెళ్ళడు, పై కమాండ్ కొట్టేసి ఉంటాడు.

ఎక్స్‌టర్నల్ కంటెంట్ అయితే ట్రిగ్గర్ల గురించి ఒక పేరా ఉండాలి. అసలు టేబుల్లో లైన్ మారినా, తీసేసినా ఇండెక్స్‌కి దానంతట అది తెలీదు, ట్రిగ్గర్లు, అంటే లైన్ మారగానే వాటంతట అవే నడిచే కమాండ్లు, చెప్పాలి. తీసేసేటప్పుడు పాత విలువలు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి, వేరే విలువ ఇస్తే ఇండెక్స్ పాడవుతుంది, ఆ తర్వాత సెర్చ్ ఏం చెప్తుందో చెప్పలేం. ఇంటెగ్రిటీ చెక్ అని ఒక కమాండ్ ఉంది, అనుమానం వస్తే ర్యాంక్ అనే కాలమ్‌కి 1 ఇచ్చి అది నడపమని, తేడా కనిపిస్తే రీబిల్డ్ చెయ్యమని రాయండి.

ట్రైగ్రామ్ టోకెనైజర్ గురించి అడిగేవాళ్ళు ఉంటారు, 2020 డిసెంబర్‌లో 3.34.0తో వచ్చింది. అది మాటల సంగతి పట్టించుకోదు, మూడేసి కోడ్ పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఉన్న నంబర్) ముక్కలుగా ఇండెక్స్ చేస్తుంది, అందుకని మాట మధ్యలో ఉన్నదీ దొరుకుతుంది, స్టేషన్లో ఉన్నా స్టేషన్ అంటే వస్తుంది, గుణింతాల గొడవ కూడా ఉండదు. ఖర్చేంటంటే ఇండెక్స్ పెద్దదవుతుంది, మూడు కంటే తక్కువ ఉన్న మాటలు అసలు దొరకవు. తెలుగులో గుణింతం గుర్తు కూడా ఒకటిగా లెక్క కాబట్టి నది, ఊరు, పని గట్టెక్కుతాయి, తల, వల, కల మునుగుతాయి. నన్నడిగితే చిన్న కేటలాగ్‌కి ఇదే మేలు, వేల పేజీల పాఠం ఉన్న చోట మాత్రం క్యాటగిరీస్ మార్చిన యూనికోడ్61 వైపే వెళ్తాను.

ర్యాంకింగ్ గురించి ఒక్క లైన్ చాలు, రిజల్ట్స్ వరస తేల్చే బీఎమ్25 ఇచ్చే సంఖ్య మైనస్‌లో వస్తుంది, ఎంత చిన్నదైతే అంత బాగా సరిపోయినట్టు. తెలియని వాళ్ళు దాన్ని తిరగేసి సార్ట్ చేసి అన్నిటికన్నా పనికిరానిదాన్ని పైన పెడుతుంటారు.

పంపించడం

ముందు ప్రాజెక్టులో కాంట్రిబ్యూటింగ్ ఫైల్ చూడండి, డాక్యుమెంటేషన్ లైసెన్స్ కోడ్ లైసెన్స్ ఒకటేనా కాదా అన్నది కూడా. పెద్ద మార్పు అయితే ముందు ఒక ఇష్యూ తెరిచి నేను ఫలానా పేజీ దిద్దుతున్నాను అని చెప్పండి, అదే పని ఇంకొకరు చేస్తుంటే తెలుస్తుంది.

మెయింటైనర్‌కి తెలుగు రాదు. తెరమీద ఫోటో తీసి పంపి ఇది తప్పు అంటే ఆయనకి ఏమర్థమవుతుంది, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాలు అంటే ఇది, పులి అంటే ఇది, పాలు అడిగితే మీ సాఫ్ట్‌వేర్ పులిని తెచ్చింది అని సాదా ఇంగ్లీషులో రాయండి, వెంటనే పట్టుకుంటారు. దాని కింద ఏ అక్షరం ఏ కోడ్ పాయింటో నంబర్లు, వొకాబ్ టేబుల్ చూపించిన ముక్కలు, వాడిన వెర్షన్, నడిపించిన కమాండ్లు పెట్టండి, తనే మళ్ళీ నడిపించి చూసుకునేలా. వీలైతే ఆ ఇరవై లైన్లని టెస్ట్‌గా కూడా చేర్చమని అడగండి, రేపు ఎవరో టోకెనైజర్ మార్చేస్తే టెస్ట్ పడిపోతుంది, డాక్యుమెంటేషన్ అబద్ధం అయ్యే ముందే తెలుస్తుంది.

కమిట్లు, అంటే ఒక్కోసారి సేవ్ చేసే మార్పులు, చిన్నగా. అచ్చుతప్పులు ఒకటి, విషయం మార్చినవి ఇంకొకటి, పేజీ వరస మార్చింది మూడోది. అన్నీ కలిపి ఒకే ముద్దగా పంపితే రివ్యూ చేసేవాళ్ళు ఆ డిఫ్ చూసి పక్కన పెట్టేస్తారు, అది వాళ్ళ తప్పు కూడా కాదు. ఒక కమిట్ మీద అభ్యంతరం వచ్చినా మిగతావి లోపలికి వెళ్ళిపోతాయి.

పేజీకి తెలుగు అనువాదం కూడా ఉంటే వరస తప్పకండి, ముందు ఇంగ్లీషు అసలు పేజీ దిద్దించండి, అది మెర్జ్ అయ్యాకే, అంటే ప్రాజెక్టులో కలిశాకే, తెలుగు. పీవో ఫైళ్ళతో అనువాదం నడిచే చోట అసలు వాక్యం మారగానే దాని అనువాదానికి ఫజ్జీ అని గుర్తు పడుతుంది, ఆ గుర్తున్నంతసేపు మామూలుగా అది వాడరు, ఇంగ్లీషే కనిపిస్తుంది. తెలుగు ముందు చేసి ఇంగ్లీషు తర్వాత మారిస్తే చేసిన పని అంతా మళ్ళీ మొదటికి. అయితే తెలుగు పేజీలో ఇంగ్లీషు ఉదాహరణలని మక్కికి మక్కి దింపకండి, రన్, రన్నింగ్ అని అక్కడుంటే మీరు గుడి, గుళ్ళో పెట్టండి.

మెర్జ్ అయ్యాక ఇంకో సంగతి. డాక్యుమెంటేషన్ సైట్లలో చాలా వాటికి లేటెస్ట్ అని, స్టేబుల్ అని రెండు కాపీలుంటాయి. మీ దిద్దుబాటు లేటెస్ట్‌లో కనిపిస్తుంది, జనం చదివేది ఎక్కువగా స్టేబుల్, అందులోకి తర్వాతి రిలీజ్ వరకు రాదు. మీరు రాసింది పాత వెర్షన్‌కి కూడా నిజమే అయితే, అంటే ఏం దొరకదు అన్న భాగం, దాన్ని పాత బ్రాంచ్‌కి కూడా వెయ్యమని అదే పుల్ రిక్వెస్ట్ (మార్పు కలపమని మీరు పెట్టిన అభ్యర్థన) కింద అడగండి. టోకెనైజర్ ఆప్షన్ మార్చిన భాగం మాత్రం అడక్కండి, పాత వెర్షన్లో ఆ ఆప్షనే లేకపోవచ్చు.